రేకుల గదిలో వణికిన లేతు

2011లో దసరా వెళ్ళిన తర్వాతి వారం. శంషాబాద్‌లో మేం అద్దెకుండే ఇంటి వెనక రేకుల గదిలో, బల్ల మీద బిగించిన చిన్న లేతు మిషను మీద, ఇనుప కడ్డీ నుంచి ఒక ముక్కను కోసి వేరు చేస్తున్నాను. కోసే టూలు కడ్డీలోకి సగం దాకా దిగింది. అంతవరకూ సన్నగా, ఒకే తీరుగా వస్తున్న శబ్దం ఉన్నట్టుండి టకటకలాడడం మొదలుపెట్టింది, చలిలో పళ్ళు కొట్టుకున్నట్టు. చెవికంటే ముందు నా కుడిచేతికి తెలిసింది. పిడిలోంచి వణుకు మణికట్టు దాకా ఎక్కింది. ఏదో జరగబోతోందని అప్పుడే తెలిసిపోయింది. టూలును వెనక్కి తీయాలనుకున్నాను. తీసేలోపే ఫట్‌మని పేలినట్టయింది. మరుక్షణం మోటారు ఆగిపోయి గదంతా నిశ్శబ్దమైంది.

టూలు కొస లేదు. విరిగిన చోట ఇనుము బూడిదరంగులో గరుకుగా మెరుస్తోంది. ముందు నా చేతులు చూసుకున్నాను. తర్వాత పనికి వేసుకునే మా వారి పాత చొక్కా, తర్వాత నేల. ఎక్కడా లేదు. తలెత్తితే ఎదురుగా తలుపుకు కొట్టిన దోమల జాలీలో చిన్న చిరుగు కనబడింది. జాలీ అవతల, కుళాయి దగ్గర నుంచి మా చిన్నవాడి గొంతు సంబరంగా వినబడింది.

"అమ్మా, అమ్మా! బకెట్ ఉచ్చ పోస్తోంది!"

నీలం ప్లాస్టిక్ బకెట్‌కు వాడి మోకాలి ఎత్తులో చిల్లు. అందులోంచి నీళ్ళు సన్నటి ధారగా దూకుతున్నాయి. వాడు ఆ ధార కింద అరచెయ్యి పెట్టి నవ్వుతున్నాడు. వాడి వెనక గట్టు మీద కూర్చుని మా పెద్దది పలక మీద నెమలి బొమ్మ వేసుకుంటోంది. విరిగిన టూలు కొస, వేలిగోరంత ముక్క, బకెట్ అడుగున నీళ్ళలో ఉంది.

"సుజాతమ్మా! ఆ సప్పుడేంది? ఏమన్న అయ్యిందా? నేనైతే మెయిన్ బంద్ జేసిన!" అని గోడ అవతల నుంచి ఇంటావిడ యాదమ్మ కేకేసింది. రెండు వాటాలకూ కలిపి ఒకటే మెయిన్ స్విచ్, అది వాళ్ళ వసారాలో ఉంటుంది. మోటారు ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది.

ఏమీ కాలేదని చెప్పాను. పిల్లలిద్దరినీ లోపలికి తీసుకుపోయి ముఖాలు, మెడలు, చేతులు, కాళ్ళు ఒక్కొక్కటిగా చూశాను. చిన్నవాడు చక్కిలిగింతలనుకుని మెలికలు తిరిగాడు. పెద్దది మాత్రం, "ఎందుకమ్మా వెతుకుతున్నావు?" అని అడిగింది.

ఇంట్లో చిన్న లేతు పెట్టుకుని, అది వణుకుతోందని తల పట్టుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పగలు కుదరదు. పిల్లలు నిద్రపోయాకే కలం పట్టుకోగలుగుతున్నాను.

నాది మెకానికల్ ఇంజనీరింగ్. ఉద్యోగ విరమణ వయసు ఇంకా చాలా దూరం, కానీ ఉద్యోగం విరమించి చాలా కాలమైంది. కాటేదాన్‌లో పంపుల విడిభాగాలు చేసే ఒక చిన్న యూనిట్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. తయారీ వాళ్ళు సూపర్‌వైజర్ కింద, మేం క్వాలిటీ ఇన్‌చార్జి కింద. రెండు వర్గాల మధ్య ఒక పచ్చగీత ఉండేది, నిజంగానే నేల మీద గీసిన గీత. గీత అవతల మిషన్లు, ఇవతల నా గ్రానైట్ బల్ల. తయారైన పార్టు చల్లారాక, తుడిచి, బల్ల మీద పెట్టి కొలవడం నా పని. కొలత హద్దుల్లో ఉంటే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. మిషను ఎందుకు తప్పు చేసిందన్నది మెయింటెనెన్స్ వాళ్ళ తలనొప్పి. ఈ గీత సంగతి తర్వాత మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

చిన్నవాడు పుట్టాక ఉద్యోగం మానేశాను. మా వారు ప్రసాద్‌ది విమానాశ్రయం కార్గోలో షిఫ్టు డ్యూటీ. అందుకే శంషాబాద్‌లో ఇల్లు. తెనాలి నుంచి అత్తయ్యగారు మా దగ్గరికే వచ్చి ఉన్నారు. ఆ రోజుల్లో మా వారికి తెలిసిన ఒక విమానాల ఇంజనీరు బదిలీ మీద వెళ్ళిపోతూ, సరదాగా కొనుక్కున్న బల్ల లేతును మాకు అమ్మేశాడు. బొమ్మ రైళ్ళు, గడియారం చక్రాలు చేసుకోవడానికి పనికొచ్చే రకం. ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు పట్టుకుంటే లేస్తుంది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు అత్తయ్యగారు, "కుట్టుమిషను కొనుక్కోమంటే ఇదేం మిషను తల్లీ!" అన్నారు. నాకు మాత్రం గీత దాటి అవతలికి వెళ్ళినట్టనిపించింది.

చుట్టుపక్కల గోదాముల్లో సరుకు లాగే చేతి బండ్లుంటాయి. వాటి చక్రాల మధ్య చిన్న ఇనుప గొట్టం ముక్కలు పడతాయి, స్పేసర్లంటారు. ఒక గోదాంలో మెయింటెనెన్స్ చూసే నర్సింహ ఆ ముక్కలు నాచేత చేయించుకునేవాడు. "అక్కా, నువ్వు జేసిన ముక్క పెడితే బండి కిర్రుమనదు" అనేవాడు. ఆ మాట కోసమే చేసేదాన్నేమో కూడా. పిల్లలు బడిలో ఉన్నప్పుడు తప్ప లేతు తిప్పకూడదని నియమం పెట్టుకున్నాను. ఆ రోజు బంద్. బడి లేదు. ఉద్యమం జోరుగా ఉన్న ఆ నెలల్లో బడి ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో తెలిసేది కాదు. నర్సింహకు మాట ఇచ్చాను గనక, పిల్లలను ముందు గదిలో అత్తయ్యగారికి అప్పగించి వెనక గదికి వెళ్ళాను. ఆవిడ పప్పు చూడడానికి లేచారు. వీళ్ళిద్దరూ కుళాయి దగ్గరికి చేరారు.

సాయంత్రం మా వారికి బకెట్ చూపించాను. ఆయన చిల్లులో వేలు పెట్టి చూశారు.

"బాగుచేయగలవా?"

"తెలీదు. చూడాలి."

"చెయ్యగలిగితే ఉంచుదాం. కార్తీకం దాటేలోపు కుదరకపోతే ఎవరికైనా ఇచ్చేద్దాం. నువ్వు ఒప్పుకుంటేనే" అన్నారు.

నేను ఒప్పుకున్నాను. ఆయన అడగకపోయినా నా మీద నేనే ఆ షరతు పెట్టుకునేదాన్ని. ఆ లేతు పోతే నా వృత్తిలో నాకు మిగిలేది ఏమీ లేదు. అది ఉండి, మళ్ళీ ఒక్కసారి అలా పేలితే ఏం మిగులుతుందో ఆలోచించడం కూడా నావల్ల కాలేదు.

ఇక్కడ పని గురించి కొంచెం చెప్పాలి. లేతు మీద కడ్డీ గిరగిరా తిరుగుతుంది, టూలు కదలకుండా నిలబడి దాన్ని చెక్కుతుంది. కడ్డీని అడ్డంగా కోసి ముక్క వేరుచెయ్యడాన్ని పార్టింగ్ అంటారు. అన్నిటికంటే మొండి పని అదే. సన్నటి పలకలాంటి టూలు లోతుగా దిగాలి. టూలును పట్టుకున్న భాగాల్లో ఎక్కడ వెంట్రుకవాసి ఊగులాట ఉన్నా టూలు కడ్డీ కిందికి వంగుతుంది, ఎక్కువ లోహాన్ని కొరుకుతుంది, మళ్ళీ వెనక్కి ఎగురుతుంది. ఆ కొరకడం, ఎగరడమే టకటక. అది ముదిరితే టూలు ఇరుక్కుని విరుగుతుంది. పెద్ద లేతుల బరువైన ఒళ్ళు దీన్ని తట్టుకుంటుంది. చిన్న లేతుకు ఆ గట్టిదనం ఉండదు. దాన్ని తక్కువ ఖర్చులో తెచ్చుకోవడమే నా ముందున్న పని.

ముందు నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. జారే భాగాల మధ్య సన్నటి ఇత్తడి పట్టీ ఉంటుంది, దాని మరలు బిగిస్తే వదులు తగ్గుతుంది. వాటిని బిగించాను. వెంట్రుకవాసి కదలికనైనా ముల్లుతో చూపించే డయల్ గేజ్ పెట్టి చక్‌ను, అంటే కడ్డీని పట్టుకునే దవడలున్న భాగాన్ని, చేత్తో తిప్పి చూశాను. ముల్లు దాదాపు కదల్లేదు. లేతు అడుగున ఉండే పొడవాటి పీఠం, అంటే బెడ్, దాని పొడవునా గేజ్ నడిపించాను. బాగుంది. టూలును పట్టి ఉంచే టూలు పోస్టును చేత్తో ఊపాను. రాయిలా ఉంది. నా పాత బల్ల మీదికి ఈ లేతే వచ్చి ఉంటే అన్ని చోట్లా ఆకుపచ్చ చుక్కలు పెట్టేదాన్ని.

అన్నీ బాగున్నాయంటే నాకు భయం ఎక్కువైంది. తప్పు కనబడితే సరిచేసుకోవచ్చు. కనబడని తప్పుతో ఏం చెయ్యాలి? ఆ రోజుల్లో ప్రతి శబ్దమూ టకటకలాగే వినిపించేది. కుక్కర్ మీద వెయిట్ ఆడితే పొయ్యి కట్టేసేదాన్ని. ఇంటి మీదుగా విమానం దిగుతుంటే కిటికీ అద్దాలు అదిరేవి, పిల్లలెక్కడున్నారో చూసి వచ్చేదాన్ని. చిన్నవాడు ఆ శబ్దాన్ని నేర్చేసుకున్నాడు. అన్నం తింటూ నాలుకతో టకటకమని, చివర "ఫట్!" అనేవాడు. వాడికది ఆట.

అత్తయ్యగారికి కారణం మొదటి నుంచీ తెలుసు.

"బరువున్న వస్తువు నైరుతిలో ఉండాలమ్మాయ్. తలుపుకెదురుగా పెట్టకని ఆ రోజే చెప్పాను, విన్నావా? బరువు చెయ్యి, నైరుతికి జరుపు. అదే కుదురుకుంటుంది."

దిక్కుల మాట ఎలా ఉన్నా, బరువు మాట నాకు నచ్చింది. చిన్న లేతు వణకడానికి బరువు లేకపోవడమే కారణమని నేను కూడా అనుకుంటున్నాను. ఆరాంఘర్ వెళ్ళే దారిలో వంటింటి గట్లకు గ్రానైట్ కోసే దుకాణాలున్నాయి. సింకు కోసం కోసి తీసేసిన ముక్కలు అక్కడ గోడకు ఆనించి ఉంటాయి. వాటిలో మందంగా ఉన్న నల్లముక్క ఒకటి ఏరుకుని ఆటోలో తెచ్చాను. గదిలో నైరుతి మూల ఇటుకలతో రెండు దిమ్మెలు కట్టించి, వాటి మీద గ్రానైట్ పరిచి, లేతును బోల్టులతో బిగించాను. దిమ్మెల మధ్య ఖాళీలో ఇసుక బస్తాలు కూరాను. అంతా అయ్యాక చూస్తే ఆ లేతు పెద్దింటి లేతులా కనబడింది.

నర్సింహ వచ్చి చూసి, "అక్కా, గిది లేతా, సమాధా?" అన్నాడు. అత్తయ్యగారు మూడు రోజులు వాడితో మాట్లాడలేదు.

పిల్లలు బడికి వెళ్ళాక, రేకు అడ్డం పెట్టుకుని, తేలికైన కోత వేసి చూశాను. కొత్త జబ్బొకటి తేలింది. చెక్కిన కడ్డీ ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా వచ్చింది. గ్రానైట్ పైభాగం నునుపుగా ఉన్నా, దిమ్మెల మీద సమంగా కూర్చోలేదు. బోల్టులు బిగించేసరికి లేతు బెడ్ తడిగుడ్డ పిండినట్టు సన్నగా మెలితిరిగింది. చిన్న లేతు బెడ్‌ను బలవంతంగా బిగించకూడదని అలా తెలిసింది. బోల్టులు వదులుచేసి, ఎత్తు తక్కువైన కాలి కింద కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి పెట్టి, మెల్లగా బిగిస్తూ, ప్రతిసారీ కడ్డీ చెక్కి కొలుస్తూ సరిచేశాను. లావు సన్నం తేడా పోయింది.

టకటక పోలేదు. ఇంతకుముందు సన్నగా వచ్చేది, ఇప్పుడు బొంగురుగా వస్తోంది. అంతే తేడా.

కార్తీకం మొదలైంది. అత్తయ్యగారు తెల్లవారే దీపాలు పెట్టేవారు. నేను దీపాల దగ్గర పిల్లలు చేరకుండా ఒక కన్ను వేసి, రెండో కంటితో లేతును చూస్తుండేదాన్ని. ఎవరికిస్తే బాగుంటుందని మా వారిని ఒకసారి అడిగాను కూడా. ఆయన సమాధానం చెప్పకుండా, "మధ్యాహ్నం యాదమ్మగారిని పక్కన ఉంచుకో, ఒక్కదానివే తిప్పకు" అన్నారు.

అలా ఒక మధ్యాహ్నం యాదమ్మ వచ్చింది. డయల్ గేజ్ అయస్కాంతం పీఠాన్ని బెడ్ మీద పెట్టి, గేజ్ కొసను టూలు పోస్టుకు తాకించి ఉంచాను. మోటారు ప్లగ్గు తీసేసి ఉంది. ఆవిడ తమలపాకులు నములుతూ గదంతా చూసి, అలవాటుగా టూలు పోస్టు మీద చెయ్యి ఆన్చి తన బరువంతా దాని మీద వేసి నిలబడింది. మనిషి పొడగరి, బరువైన మనిషి.

"ఏంది సుజాతమ్మా, గీ గడియారం ముల్లు నన్ను జూసి ఉరుకుతున్నది? నా బరువు గిట్ల తూస్తున్నవా ఏంది?"

ముల్లు నిజంగానే పరుగెత్తింది. ఆవిడ చెయ్యి తీయగానే వెనక్కి వచ్చి సున్నా మీద నిలబడింది.

"అక్కా, మళ్ళీ అలాగే ఆనుకో."

"నన్ను జూసి నవ్వనంటేనే."

మళ్ళీ ఆనుకుంది. ముల్లు మళ్ళీ పరుగెత్తింది. నాకు నవ్వు రాలేదు. ఇన్ని రోజులూ నేను కొలిచిందంతా ఎవరూ తాకని లేతును. కాటేదాన్‌లో పచ్చగీతకు ఇవతల కూర్చుని, పని ఆగిపోయిన వస్తువులను కొలిచిన అలవాటు అది. చేత్తో ఊపి చూశాను గానీ, నా చెయ్యి ఎంత? పార్టింగ్ టూలు మీద పడే ఒత్తిడి ఎంత? లేతు గట్టిదా కాదా అన్నది దాని మీద బలం పడినప్పుడే తెలుస్తుంది.

కానీ యాదమ్మ ఒకసారి ఆనుకున్నంత బలంగా ఇంకోసారి ఆనుకోదు. ప్రతి భాగాన్నీ ఒకే బలంతో లాగి చూడాలి. మా ఇంట్లో దానికి కావలసిన పరికరం ఉంది. విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళ ఇళ్ళన్నిటిలో ఉన్నట్టే, ప్రయాణాలకు ముందు పెట్టె తూచుకునే కొక్కెం కాటా. గట్టి తాడు కట్టి, కాటా కొక్కేనికి తగిలించి, లాగే పని యాదమ్మకు అప్పగించాను.

"పది కిలోలు చూపించేదాకా లాగి పట్టుకో అక్కా. పదే, ఎక్కువొద్దు."

"బాయిల నీళ్ళు చేదినట్టే గద. లాగుతున్న, జర జల్ది సూడు!"

వరసగా కింది నుంచి పైకి వచ్చాం. బెడ్‌కు తాడు కట్టి లాగితే ముల్లు కదిలీ కదలనట్టుంది. ఇంత గ్రానైట్ వేశాక ఇంకెక్కడ కదులుతుంది? బెడ్ మీద అటూ ఇటూ నడిచే క్యారేజ్, కొద్దిగా. దాని మీద అడ్డంగా నడిచే క్రాస్ స్లైడ్, ఇంకొద్దిగా. చక్‌లో బిగించిన కడ్డీని లాగితే కూడా భయపడేంత లేదు. క్రాస్ స్లైడ్ మీద ఇంకో చిన్న స్లైడ్ ఉంటుంది, కాంపౌండ్ అంటారు. ఏటవాలుగా చెక్కడానికి దాన్ని కావలసిన కోణానికి తిప్పుకోవచ్చు. టూలు పోస్టు దాని నెత్తి మీద ఉంటుంది. కాంపౌండ్‌కు తాడు కట్టి లాగగానే ముల్లు ఒక్క ఊపున, క్రాస్ స్లైడ్‌కు కదిలినదానికి ఎన్నో రెట్లు కదిలింది. మళ్ళీ లాగించాను. అదే. గేజ్‌ను కాంపౌండ్ కింది అంచుకు మార్చి లాగిస్తే, అది ఒక వైపు పైకి లేస్తోంది.

కాంపౌండ్ కూర్చునే చోట గుండ్రటి పీట ఉంటుంది, రెండు నట్లు దాన్ని పట్టుకుంటాయి. రెండూ గట్టిగానే ఉన్నాయి. విప్పాను. కాంపౌండ్ ఎత్తి తిరగేశాను.

పీట మీద నూనెలో నాని, నలిగి, పలచగా అతుక్కుపోయిన పసుపుపచ్చ బిళ్ళ ఒకటి ఉంది. గోటితో గీకితే పొడిపొడిగా లేచింది. బియ్యం. అక్షింత గింజ.

దసరాకు ఆయుధపూజ చేసుకున్నాం. పూజకు ముందు నేను లేతును విప్పి, భాగాలన్నీ కిరసనాయిలుతో కడిగి, పాత పేపరు పరిచి దాని మీద ఆరబెట్టాను. అత్తయ్యగారు ఒక్క భాగాన్ని కూడా వదలకుండా పసుపు కుంకుమ బొట్లు పెట్టి, అందరిచేతా అక్షింతలు వేయించారు. సాయంత్రం పులిహోర తినేసి లేతు బిగించాను. తడి పసుపుకు అంటుకున్న ఒక గింజ పీట కింద ఉండిపోయింది. నట్లు బిగిస్తే గింజ నలిగి బిళ్ళయింది. కాంపౌండ్ ఆ బిళ్ళ మీద ఒక వైపు, పీట అంచు మీద ఇంకో వైపు కూర్చుంది. చేత్తో ఊపితే ఊగదు, నట్టు గట్టిగా ఉంది గనక. టూలు మీద బరువు పడితే మాత్రం తక్కెడలా ఒరుగుతుంది. దసరాకు ముందు ఇదే లేతు మీద ఎన్నో ముక్కలు కోశాను, పేలలేదు. దసరా తర్వాత మొదటి కోత బంద్ రోజు వేసిందే. ఆ రెండింటి మధ్య ఏం మారిందని నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు.

యాదమ్మ ఆ బిళ్ళను అరచేతిలో వేసుకుని చూసింది. "గింత గింజ కోసం ఆటో పెట్టి బండ తెచ్చినవా? నాకు జెప్తే చేటల బెట్టి చెరిగేదాన్ని గద!" అంది. ఈసారి ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడనట్టు తాడు చుట్టుకుంటూ నిలబడింది.

సాయంత్రం అత్తయ్యగారికి చూపించాను. చూపించకపోతే బాగుండేదేమో. ఆవిడ దీపారాధన మాని, కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పారు.

"నా అక్షింతేనా?"

"అక్షింత వేస్తే తప్పేముందండీ. బిగించేముందు పీట తుడవాల్సింది. అది నా పని" అన్నాను. ఓదార్పుగా అన్న మాట కాదు. ఏ వర్క్‌షాపులోనైనా రెండు ముఖాలు జతచేసే ముందు తుడిచి, వేలితో తడిమి చూడడం మొదట నేర్పే పాఠం.

ఆవిడ కళ్ళజోడు తీశారు. "పిల్లల నెత్తిన వెయ్యాల్సింది మిషను నెత్తిన వేశాను" అని, లోపలికి వెళ్ళి, నిద్రపోతున్న చిన్నవాడి తల మీద చెయ్యి పెట్టి అక్కడే కూర్చున్నారు.

పీట శుభ్రంగా తుడిచి, సన్నటి నూనెరాయితో అంచులు రుద్ది బిగించాను. మర్నాడు యాదమ్మ మళ్ళీ పది కిలోలు లాగింది. ముల్లు కదలడం బాగా తగ్గింది, కానీ వరసలో అన్నిటికంటే ఎక్కువ కదిలేది ఇంకా కాంపౌండే. దాని తప్పు కాదు. తిరగాలి, జారాలి, అందుకని అందులో అతుకులెక్కువ. నేను చేసే స్పేసర్లకు ఏటవాలు కోత ఎప్పుడూ అక్కర్లేదు. అంటే నాకక్కర్లేని సౌకర్యం కోసం రెండు అతుకులు మోస్తున్నాను. కాటేదాన్‌లో పాత ఇనుము దుకాణంలో ఒక దిమ్మ వెతికి, పాత యూనిట్ పక్క షాపులో నాలుగు ముఖాలూ నునుపు చేయించి, బోల్టులకు బెజ్జాలు వేయించాను. కాంపౌండ్ తీసేసి, ఆ దిమ్మను నేరుగా క్రాస్ స్లైడ్ మీద బిగించి, దాని మీద టూలు పోస్టు పెట్టాను. చిన్న లేతు గట్టిపడడానికి ఇంత తక్కువలో ఇంత మేలు చేసే పని ఇంకొకటి నాకు తెలియదు. పార్టింగ్ టూలును కూడా పోస్టులోంచి అవసరమైనంతే బయటికి ఉంచాను. ఇదివరకు అలవాటుగా పొడవుగా వదిలేదాన్ని. యాదమ్మ లాగింది. ముల్లు కొద్దిగా జరిగి ఆగిపోయింది.

"ఏందిది, ఇగ నన్ను జూస్తే ఉరుకుతలేదు" అంది.

నైరుతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. టూలు విరిగితే ముక్క చక్ తిరిగే దిశలోనే ఎగురుతుంది. పాత చోట ఆ దిశలో తలుపు ఉండేది. నైరుతి మూలకు జరిపాక ఇటుక గోడ వచ్చింది. అత్తయ్యగారు చెప్పిన కారణం వేరు, నేను ఒప్పుకునే కారణం వేరు. లేతు మాత్రం అక్కడే ఉంది. జాలీ తలుపు తీసేసి చెక్క తలుపు పెట్టించాను, పెద్దవాళ్ళు పై సందులోంచి చెయ్యి పెట్టి తీయగలిగే లోపలి గడియతో.

పార్టింగ్ పరీక్ష ఒక పగటిపూట పెట్టుకున్నాం. పిల్లలు బడిలో ఉన్నారు. వెళ్ళారని తెలిసినా మరోసారి బడికి ఫోన్ చేసి అడిగాను. మా వారు సెలవు పెట్టి, రేకు అడ్డం వెనక నా పక్కన నిలబడ్డారు. యాదమ్మ వాళ్ళ వసారాలో మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి నిలబడింది. అత్తయ్యగారు ఎక్కడున్నారో చూడలేదు, దేవుడి గది నుంచి గంట వినబడింది.

మోటారు వేశాను. టూలు కడ్డీకి తాకింది. సన్నటి చుట్ట మొదలైంది, రిబ్బనులా మెలికలు తిరుగుతూ పళ్ళెంలో పడుతోంది. నా కుడిచెయ్యి మీదే నా ప్రాణమంతా పెట్టుకున్నాను. పోయినసారి వణుకు మొదలైన లోతు వచ్చింది. దాటింది. చేతికి ఏమీ తెలియడంలేదు. శబ్దం ఒకే తీరుగా, పొడి నేల మీద తాడు లాగినట్టు సర్రుమని వస్తూనే ఉంది. ముక్క ఠంగుమని పళ్ళెంలో పడింది.

"ఆపన్నా?" అని గోడ అవతల నుంచి కేక.

"వద్దక్కా!" అని అరిచాను. ఇంకోటి కోశాను. తర్వాత ఇంకోటి. మూడోది పడ్డాక మోటారు ఆపి, మిగిలిన ఇసుక బస్తా మీద కూర్చుండిపోయాను. మా వారు ముక్క చేతిలోకి తీసుకుని, వేడిగా ఉండడంతో అటూ ఇటూ ఎగరేసుకుంటూ, "ఉంచుదాం" అన్నారు.

లేతు ఇప్పటికీ ఉంది. నర్సింహ బండ్లు కిర్రుమనడంలేదని చెబుతూనే ఉన్నాడు, దిమ్మెను మాత్రం ఇంకా సమాధి అనే అంటాడు, అత్తయ్యగారు లేనప్పుడు.

ఈ అనుభవం నాకు నేర్పింది ఇది. బరువూ గట్టిదనమూ ఒకటి కాదు. టూలు నుంచి కడ్డీ దాకా ఉన్న అతుకుల్లో అన్నిటికంటే వదులైనది ఎంత గట్టిదో, లేతు గట్టిదనం అంత. దాన్ని సరిచెయ్యకుండా కింద ఎంత బండ పెట్టినా శబ్దం గొంతు మారుతుందంతే. ఊరకే ఉన్న మిషను మీద తీసిన కొలత పని చేసే మిషను గురించి చెప్పదు. ఒకే బలంతో ఒక్కొక్క అతుకునూ లాగి చూడాలి. చెడిపోకముందు, చెడిపోయాక, ఈ రెండింటి మధ్య ఏం మారిందో ముందు అడగాలి. ఇంత చేశాక కూడా టూలు విరగదని హామీ లేదు. విరిగే అవకాశం తగ్గింది. అంతవరకే నేను చెప్పగలను.

పరీక్ష అయిన మర్నాడు పొద్దున, పిల్లలకు జడలూ బొత్తాలూ అయ్యాక, ఇద్దరినీ కొత్త చెక్క తలుపు ముందు కూర్చోబెట్టి లోపల గడియ వేసుకుని, కడ్డీ పెట్టకుండా మోటారు తిప్పాను. ఆపి బయటికి వచ్చి, "విన్నారా? ఇది మంచి శబ్దం. ఇది వస్తున్నంతసేపూ తలుపు కొట్టకూడదు, పిలవకూడదు" అన్నాను.

చిన్నవాడు నాలుకతో టకటకమని, "ఇదేమో చెడ్డది" అన్నాడు.

"అవును. అది వినబడితే ఇటు రావద్దు. అక్క చెయ్యి పట్టుకుని యాదమ్మ పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తు. నేనే వచ్చి తీసుకొస్తాను."

పెద్దది నా ముఖంలోకి చూసింది. "నువ్వు రాకపోతే?"

"ముందు మెయిన్ ఆపమని పెద్దమ్మకు చెప్పు" అన్నాను. "ఆపాకే లోపలికి రమ్మను. మీరు రావద్దు."

దాని చేత ఆ మాట తిరిగి చెప్పించుకుని బడికి పంపాను.